ఆసియా కప్‌లో మన అవకాశం ఎంత? 90 శాతం నుంచి 31కి దిగిన లెక్క

ఇది 2023 ఆసియా కప్ ఫుట్‌బాల్ కోసం నేను రాసుకున్న లెక్కల డైరీ. చైనా తప్పుకోవడంతో ఆ టోర్నీ ఖతర్‌కు మారి, 2024 జనవరిలో మొదలైంది. గ్రూప్-బిలో మనతోపాటు ఆస్ట్రేలియా, ఉజ్బెకిస్థాన్, సిరియా ఉన్నాయి. నేను జవాబు వెతికింది ఒక్క ప్రశ్నకే: మన జట్టు గ్రూప్ దాటి ప్రిక్వార్టర్స్‌కు వెళ్లే అవకాశం నూటికి ఎంత? ఇదే పని చేయాలనుకునేవాళ్లు నేను ఎక్కడెక్కడ తప్పు చేశానో ముందే చూసుకుంటారని ఇక్కడ పెడుతున్నాను. ఉండేది బెంగళూరు, రామమూర్తి నగర్‌లో. పని అంతా ఆదివారాల్లోనే.

సామాన్లు: ఆరేళ్ల నాటి ల్యాప్‌టాప్, అందులో లిబ్రే ఆఫీస్ కాల్క్ (ఎక్సెల్ లాంటిది), ఒక రూళ్ల నోట్‌బుక్, మామూలు కాలిక్యులేటర్. ప్రోగ్రామింగ్ రానవసరం లేదు.

దశ 1: ఫలితాల పట్టిక
డిసెంబర్ 3, ఆదివారం

2023లో మన జట్టు ఆడిన 16 మ్యాచ్‌లూ ఎక్కించాను. తేదీ, ఊరు, ప్రత్యర్థి, మన గోల్స్, వాళ్ల గోల్స్. సాయంత్రానికి మన గోల్స్ మొత్తం 31 అయింది. మ్యాచ్‌కు 1.94. చూడటానికి బాగుంది కాబట్టి అనుమానం రాలేదు.

తమ్ముడు షీట్ చూసి ఒక వరుస మీద వేలు పెట్టాడు. "అన్నా, సాఫ్ సెమీస్‌లో లెబనాన్ మీద మనం నాలుగు గోల్స్ ఎప్పుడు కొట్టాం? ఆ రోజు కంఠీరవ స్టేడియంలో ఇద్దరం ఉన్నాం కదా, 120 నిమిషాలూ 0-0."

నిజమే. సాఫ్ అంటే దక్షిణాసియా టోర్నీ. అందులో నేను ఎక్కించింది పెనాల్టీ షూటౌట్ స్కోరు. ఒకటి కాదు, మూడు మ్యాచ్‌లు ఇలాగే పడ్డాయి:

1. సాఫ్ సెమీస్, లెబనాన్: అసలు 0-0, నేను రాసింది 4-2.
2. సాఫ్ ఫైనల్, కువైట్: అసలు 1-1, నేను రాసింది 5-4.
3. కింగ్స్ కప్, ఇరాక్: అసలు 2-2, నేను రాసింది 4-5.

షూటౌట్‌కు వేరే నిలువు వరుస పెట్టాను. దిద్దాక 16 మ్యాచ్‌ల్లో మనవి 21, వాళ్లవి 12. సగటు 1.31, 0.75. ఎనిమిది గెలుపులు, ఐదు డ్రాలు, మూడు ఓటములు. గ్రూప్ దశలో షూటౌట్ ఉండదు కాబట్టి మనకు కావాల్సింది 90 నిమిషాల ఆట ఏం చెబుతోందన్నదే.

ఇప్పటిదాకా: 4 గంటలు, 60 రూపాయలు (నోట్‌బుక్).

దశ 2: గోల్స్ నుంచి శాతాలు
డిసెంబర్ 10

సగటు గోల్స్ తెలిస్తే 0 గోల్స్‌కు ఎంత అవకాశం, 1కి ఎంత, 2కి ఎంత అని చెప్పే పాత పద్ధతి పాయిసన్. కాల్క్‌లో దానికి ఫంక్షన్ ఉంది. అడ్డంగా మన గోల్స్ 0 నుంచి 5, నిలువుగా వాళ్లవి 0 నుంచి 5, మొత్తం 36 గళ్లు. రెండు అవకాశాలను గుణిస్తే ఆ స్కోరు వచ్చే అవకాశం. మనవి ఎక్కువ ఉన్న గళ్లు గెలుపు, సమానమైనవి డ్రా, మిగిలినవి ఓటమి.

మొదటిసారి 36 గళ్లూ కూడితే 1 రావాల్సిన చోట 24.6 వచ్చింది. గంటన్నర వెతికాను. ఆ ఫంక్షన్‌లో చివర ట్రూ అని రాస్తే "2 లేదా అంతకు తక్కువ" అనే కూడిక ఇస్తుంది. మనకు కావాల్సింది "సరిగ్గా 2", అంటే ఫాల్స్. మీరు చేస్తే ముందు మొత్తం కూడే గడి ఒకటి పెట్టుకోండి. అది 1కి దగ్గర లేకపోతే ఇక ముందుకు వెళ్లొద్దు.

దిద్దాక వచ్చిన జవాబు: ప్రతి మ్యాచ్‌లో గెలుపు 50, డ్రా 29, ఓటమి 21. మూడు మ్యాచ్‌లకూ అదే వేసి, 3 పాయింట్లు, అంటే ఒక్క గెలుపు, వస్తే చాలు అనుకుంటే గ్రూప్ దాటే అవకాశం 90 శాతం.

లెక్కలో కూడికల తప్పు లేదు. కానీ ఇది ఆస్ట్రేలియా మీద మనకు సగానికి సగం గెలుపు ఇస్తోంది. అదే ఆస్ట్రేలియా 2022 ప్రపంచ కప్‌లో ట్యునీషియాను, డెన్మార్క్‌ను ఓడించింది. అంటే తప్పు ఫార్ములాలో లేదు, నేను లోపల పోసిన అంకెల్లో ఉంది.

ఇప్పటిదాకా: 7 గంటలు, 60 రూపాయలు. అంచనా: 90.

దశ 3: ఎక్కడ ఆడాం
డిసెంబర్ 17

పదహారు వరుసలనూ ఊరిని బట్టి విడదీశాను.

సొంతగడ్డ (ఇంఫాల్, భువనేశ్వర్, బెంగళూరు): 12 మ్యాచ్‌లు, మనవి 16, వాళ్లవి 5.
బయట (చియాంగ్ మాయ్, కౌలాలంపూర్, కువైట్): 4 మ్యాచ్‌లు, మనవి 5, వాళ్లవి 7.

ఈ రెండు వరుసలు చూశాక చాలాసేపు షీట్ ముట్టుకోలేదు. జూలై 4 రాత్రి కంఠీరవలో ఫైనల్ షూటౌట్‌లో మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ ఆఖరి కిక్ ఆపినప్పుడు చుట్టూ ఉన్నవాళ్లంతా ఒకరినొకరు పట్టుకున్నారు. మా వెనక వరుసలో పేరు కూడా తెలియని పెద్దాయన నా భుజం పట్టుకుని ఏడ్చారు. ఆ వేసవిలో మన జట్టు సొంతగడ్డ మీద ఓడనే లేదు. జూలైలో ఫిఫా ర్యాంకు 99కి వచ్చింది. ఆ ఆనందం నిజమైనదే, దాన్ని తగ్గించి చెప్పను. కానీ ఖతర్‌లో కంఠీరవ ఉండదు. ఆ 12 మ్యాచ్‌ల్లో మంగోలియా, వనువాటు, నేపాల్, పాకిస్తాన్ ఉన్నాయి. నవంబర్ 21న ఖతర్ భువనేశ్వర్‌కు వచ్చినప్పుడు మనం 0-3తో ఓడాం. సొంతగడ్డ మీద ఐదు గోల్స్ ఇస్తే అందులో మూడు ఆ ఒక్క రోజువే.

అందుకే బయటి మ్యాచ్‌ల సగటే తీసుకున్నాను: 1.25, 1.75. గెలుపు 27, డ్రా 24, ఓటమి 49. గ్రూప్ దాటే అవకాశం 63కి దిగింది.

తమ్ముడి అభ్యంతరం: "నాలుగు మ్యాచ్‌లతో ఏం తేలుతుంది?" 2022లో బయట ఆడినవి కూడా కలపమన్నాడు. బహ్రెయిన్‌తో 1-2, బెలారస్‌తో 0-3, జోర్డాన్‌తో 0-2, సింగపూర్‌తో 1-1, వియత్నాంతో 0-3. అప్పటికీ ఇప్పటికీ జట్టు మారిందని చెప్పి నేను కలపలేదు. ఈ నిర్ణయం గురించి చివర్లో మళ్లీ రాస్తాను.

ఇప్పటిదాకా: 10.5 గంటలు, 60 రూపాయలు. అంచనా: 63.

దశ 4: 3 పాయింట్లు చాలా?
డిసెంబర్ 24

24 జట్లు, ఆరు గ్రూపులు. ప్రతి గ్రూప్ నుంచి ఇద్దరు, మూడో స్థానంలో ఉన్న ఆరింట్లో మెరుగైన నలుగురు ముందుకు వెళతారు. కాబట్టి ఒక్క గెలుపు సరిపోతుందని రెండు వారాలుగా అనుకుంటున్నాను. 2019 పట్టిక తెరిచాక అది పోయింది.

2019లో మనం థాయిలాండ్‌ను 4-1తో ఓడించాం. తర్వాత యూఏఈతో 0-2. ఆఖరి మ్యాచ్‌లో బహ్రెయిన్ ఇంజురీ టైమ్‌లో పెనాల్టీ గోల్ కొట్టి 1-0తో గెలిచింది. మన దగ్గర 3 పాయింట్లున్నాయి, స్థానం మాత్రం నాలుగోది. యూఏఈ 5, థాయిలాండ్ 4, బహ్రెయిన్ 4. అదే టోర్నీలో కిర్గిజ్‌స్థాన్, ఒమన్, వియత్నాం 3 పాయింట్లతోనే ముందుకు వెళ్లాయి. లెబనాన్‌కూ 3 పాయింట్లే. పాయింట్లూ గోల్స్ తేడా అన్నీ వియత్నాంతో సమానమైనా, పసుపు కార్డుల లెక్కలో ఇంటికి వెళ్లింది.

ఇక్కడే ఇంకో తప్పు బయటపడింది. గ్రూప్‌లో పాయింట్లు సమానమైతే నా షీట్ ముందు గోల్స్ తేడా చూస్తోంది. ఆసియా కప్ నియమం అది కాదు. ముందు ఆ రెండు జట్ల ముఖాముఖి ఫలితం చూస్తారు. 2019లో గోల్స్ తేడా ప్రకారం బహ్రెయిన్ (0) థాయిలాండ్ (మైనస్ 2) కన్నా పైన ఉండాలి. కానీ ముఖాముఖిలో 1-0తో గెలిచిన థాయిలాండే రెండో స్థానం తీసుకుంది. మూడో స్థానాలను గ్రూపుల మధ్య పోల్చేటప్పుడు మాత్రం గోల్స్ తేడా చూస్తారు.

కొత్త నియమం పెట్టాను: 4 లేదా అంతకు మించితే పూర్తిగా లెక్క. సరిగ్గా 3 అయితే పదింట్లో నాలుగు వంతులే.

ఇప్పటిదాకా: 13 గంటలు, 60 రూపాయలు. అంచనా: 50.

దశ 5: ఎవరితో ఆడుతున్నాం
డిసెంబర్ 31, జనవరి 7

డిసెంబర్ ఫిఫా ర్యాంకులు: ఆస్ట్రేలియా 25, ఉజ్బెకిస్థాన్ 68, సిరియా 91, భారత్ 102. ముగ్గురికీ ఒకే సగటు వాడటం ఇక కుదరదు. ఈ భాగం ఫార్ములా కాదు, చేత్తో దిద్దిన అంకెలు. ఎలా దిద్దానో మొత్తం రాస్తున్నాను.

1. సిరియా. ర్యాంకులో దగ్గరగా ఉన్నవాటిలో లెబనాన్ ఒకటి. 2023లో దానితో నాలుగుసార్లు ఆడాం: 0-0, 2-0, 0-0, 0-1. అంటే మ్యాచ్‌కు మనవి 0.5, వాళ్లవి 0.25. బయటి సగటు 1.25, 1.75తో కలిపి సగం చేస్తే 0.88, 1.0. మనది 0.9. వాళ్లది 1.2కి పెంచాను. అన్వర్ అలీ, జీక్సన్ సింగ్ గాయాలతో టోర్నీకి లేరు. డిఫెన్స్‌లో ఒకరు, దాని ముందు ఒకరు లేకపోతే ఆ 0.2 తప్పదు.

2. ఉజ్బెకిస్థాన్. దగ్గర పోలిక ఇరాక్ (2-2), ఖతర్ (0-3). ఇరాక్ మీద మన రెండో గోల్ వాళ్ల గోల్‌కీపర్ సెల్ఫ్ గోల్, దాన్ని తీసేశాను. మనది 0.5, సిరియా అంకె 0.9తో సగం చేసి 0.7. వాళ్లది 2.5, సిరియాకు దిద్దకముందు వచ్చిన 1.0తో సగం చేస్తే 1.75. 1.7 వేశాను.

3. ఆస్ట్రేలియా. ఖతర్‌తో 0-3, 2011 ఆసియా కప్‌లో ఇదే ఆస్ట్రేలియాతో 0-4. వాళ్లది సగటు 3.5. ఖతర్ ప్రపంచ కప్‌లో ఆస్ట్రేలియా నాలుగు మ్యాచ్‌ల్లో నాలుగే గోల్స్ కొట్టింది, కాబట్టి 3.5లో 60 శాతం, 2.1. మన గోల్స్ సున్నా. కానీ పాయిసన్‌లో సున్నా వేస్తే గోల్ పడే అవకాశమే లేదని అర్థం. మన కెప్టెన్ ఛెత్రి ఉన్న జట్టుకు అలా వేయలేను. 0.4.

1964లో రన్నరప్ అయ్యాం కదా, అది కలపవా అని ఊరి నుంచి నాన్న ఫోన్‌లో అడిగారు. తాతయ్య సికింద్రాబాద్‌లో ఉండేవారు. రహీమ్ సాబ్ శిక్షణలో 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962లో జకార్తా ఆసియా క్రీడల స్వర్ణం, మన బలరాం ఆట, ఇవన్నీ మా ఇంట్లో పండగ కబుర్ల లాంటివి. 1964 ఆసియా కప్‌లో ఆడినవి నాలుగు జట్లే. గౌరవంగా నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకున్నాను, షీట్‌లో వేయలేదు.

ఆస్ట్రేలియా గళ్లు కూడితే 0.98 వచ్చింది. 2.1 సగటుకు 5 గోల్స్ దాటే అవకాశం 2 శాతం ఉంది, నా పట్టిక 5 దగ్గర ఆగిపోయింది. 8 దాకా పెంచాక సరిపోయింది.

వచ్చిన శాతాలు (గెలుపు, డ్రా, ఓటమి):
ఆస్ట్రేలియా: 6, 17, 77
ఉజ్బెకిస్థాన్: 15, 24, 61
సిరియా: 28, 29, 43

తర్వాత యాదృచ్ఛిక అంకెలతో గ్రూప్‌ను పదివేల సార్లు ఆడించాలనుకున్నాను. ల్యాప్‌టాప్ బిగుసుకుపోయింది. ఏ గడి ముట్టుకున్నా పదివేల వరుసలూ మళ్లీ లెక్కకు వెళ్లేవి. రెండు ఆదివారాల్లో మూడు గంటలు దానికే పోయాయి. చివరికి తట్టింది: మూడు మ్యాచ్‌లు, ఒక్కోదానికి మూడు ఫలితాలు, అంటే మొత్తం దారులు 27 మాత్రమే. 27 వరుసలు రాసి, ఒక్కో వరుసకు మూడు అవకాశాలూ గుణించి, పాయింట్ల వారీగా కూడాను. పావుగంట పని.

0 పాయింట్లు: 20 శాతం
1 లేదా 2: 36
సరిగ్గా 3: 21
4 లేదా అంతకు మించి: 22

22.4కు, 20.8లో పదింట నాలుగు వంతులు కలిపితే 30.7. మూడు మ్యాచ్‌ల్లోనూ ఒక్క గోల్ కూడా కొట్టకపోయే అవకాశం 13.5 శాతం. దశ 2లో అదే 2 శాతం ఉండేది.

ఇప్పటిదాకా: 20 గంటలు, 84 రూపాయలు (ప్రింట్లు 24). అంచనా: 31. పట్టిక ప్రింట్ తీసి ఫ్రిజ్ మీద అతికించాను, తర్వాత దిద్దకుండా ఉండటానికి.

దశ 6: మ్యాచ్‌లు

జనవరి 13, ఆస్ట్రేలియా 2-0తో గెలిచింది. విరామానికి 0-0. మొదటి సగంలో ఛెత్రి హెడర్ పక్కకు వెళ్లింది. 50వ నిమిషంలో ఇర్విన్, 73లో బోస్. ఆట చూసి తమ్ముడు సంతోషంగానే ఉన్నాడు, నేనూ. అంచనా 24.

జనవరి 18, ఉజ్బెకిస్థాన్ 3-0. మూడూ మొదటి సగంలోనే, మొదటిది 4వ నిమిషంలో. అంచనా 11.

జనవరి 19. ఈ 11 తప్పు. తమ్ముడు పట్టిక చూపించి, "సిరియాకు ఒక్క పాయింటే ఉంది. మనం గెలిస్తే మూడో స్థానం మనదే. ఇంకా పదింట నాలుగు వంతులేంటి?" అన్నాడు. నా నియమంలో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి: 3 పాయింట్లతో మూడో స్థానం వస్తుందా, వచ్చాక అది చాలుతుందా. మొదటిదానికి జవాబు ఇప్పుడు తెలుసు. రెండోదానికి 2019లో నలుగురిలో ముగ్గురు వెళ్లారు. గెలుపు 27.6 శాతంలో ముప్పావు, అంటే 21. దాదాపు రెట్టింపు.

జనవరి 23, సిరియా 1-0. ఆఫీసులో సెలవు పెట్టి ఐదింటికల్లా టీవీ ముందున్నాం. గంట దాటినా 0-0. ఒక్క గోల్ చాలు అన్న టెన్షన్‌లో నోట్‌బుక్‌లో ఏమీ రాయలేదు. 76వ నిమిషంలో ఖ్రిబిన్ కొట్టాడు. అంచనా 0. మూడు మ్యాచ్‌లు, 0 గోల్స్, 6 ఇచ్చాం.

ఇప్పటిదాకా: 22 గంటలు, 84 రూపాయలు.

దశ 7: లెక్కను కొలవడం
జనవరి 28

అంచనా ఎంత తప్పిందో బ్రియర్ స్కోరుతో కొలిచాను. ప్రతి మ్యాచ్‌కూ జరిగిన ఫలితానికి 1, మిగతా రెండింటికీ 0 వేసి, మన అంచనాతో తేడాల వర్గాలు కూడాలి. తక్కువ వస్తే మంచిది. మూడు మ్యాచ్‌ల సగటు:

దశ 5 అంచనా: 0.27
మూడు ఫలితాలకూ సమానంగా మూడో వంతు వేస్తే: 0.67
దశ 2 అంచనా: 0.95

సాఫ్ గెలుపుల మీద కట్టిన దశ 2 లెక్క, ఏమీ తెలియకుండా మూడో వంతు వేసినదానికన్నా తప్పింది. ఒక జాగ్రత్త: మూడు ఓటములు కాబట్టి ఓడిపోతామని చెప్పిన ఏ లెక్కైనా ఇక్కడ మంచి మార్కులు తెచ్చుకుంటుంది. 0.27 చూసి నా పద్ధతి గట్టిదని నేను అనుకోవడం లేదు.

ఇప్పుడు దశ 3లో వదిలేసిన పని. 2022 బయటి ఐదు మ్యాచ్‌లు కలిపితే తొమ్మిది అవుతాయి: మనవి 7, వాళ్లవి 18. మ్యాచ్‌కు 2.0 గోల్స్ ఇస్తున్నాం, మూడింటికి 6. సరిగ్గా 6 ఇచ్చాం. నా దశ 5 అంకెలు 5 అన్నాయి. జట్టు మారిందని నేను అనుకున్నది బయటి మ్యాచ్‌ల్లో కనిపించలేదు. తమ్ముడి మాట విని ఉండాల్సింది.

ఆఖరిగా మూడో స్థానాల పట్టిక. పాలస్తీనా 4, జోర్డాన్ 4, సిరియా 4, ఇండోనేషియా 3. ఇంటికి వెళ్లినవి చైనా 2, ఒమన్ 2. సిరియా మ్యాచ్ గడిలో 0-1 తీసి 1-0 వేసి చూశాను. సిరియా కిందికి జారింది. మనకు 3 పాయింట్లు, గోల్స్ తేడా మైనస్ 4, మూడో స్థానాల్లో నాలుగోది. వెళ్లేవాళ్లం. ఆ గడిని మళ్లీ 0-1కి మార్చడానికి కొంచెం సమయం పట్టింది.

తర్వాతి షీట్‌కు చేసిన మార్పులు:

1. మొదటి వరుసలు: గత రెండేళ్ల బయటి మ్యాచ్‌లు, అన్నీ. జట్టు మారిందన్న కారణంతో ఏదీ తీయకూడదు.
2. షూటౌట్‌కు వేరే నిలువు వరుస.
3. "మూడో స్థానం వస్తుందా", "వస్తే చాలుతుందా" రెండు వేర్వేరు గళ్లు. రెండోదానికి 3 పాయింట్ల దగ్గర 2019, 2023 కలిపి ఐదుగురిలో నలుగురు, 0.8.
4. ప్రతి మ్యాచ్ తర్వాత ముందు గ్రూప్ పట్టిక చదవాలి, ఆ తర్వాతే షీట్ తెరవాలి.

ఇది రాస్తుండగా టీవీలో ఇండోనేషియా, ఆస్ట్రేలియాతో ప్రిక్వార్టర్స్ ఆడుతోంది. తమ్ముడు ఇండోనేషియా వైపు అరుస్తున్నాడు.

మొత్తం: 26 గంటలు, 84 రూపాయలు.